బెంగళూరు పూలచెట్ల స్కెచ్‌బుక్: జనవరి నుంచి మే దాకా

ఈ నీటిరంగుల పుస్తకానికి నియమం ఒక్కటే. ఆ నెలలో ఊళ్లో ఏ చెట్టు పూస్తే ఆ చెట్టే వెయ్యాలి. ఇక ఏం గీయాలా అని కూర్చుని ఆలోచించే పని లేదు. లాల్‌బాగ్ ఉద్యానవనం బాధ్యతలు చూసిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగెల్, ఒక జాతి పూత ముగిసేసరికి ఇంకోటి అందుకునేలా ఇక్కడి రోడ్ల పక్కన చెట్లు వేయించాడు. తర్వాత వేరే చెట్లు ఎన్నో వచ్చి చేరినా ఆ వరస మాత్రం ఇంకా నడుస్తోంది. విషయం చెట్టే ఇస్తుంది కనుక అసలు కష్టం రంగుది. కాగితం మీద కుదిరిన రంగు ఫోన్‌లోనూ ప్రింట్‌లోనూ నిలబడాలి.

సామాను: ఏ5 సైజు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) కాటన్ కాగితం, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే) రకం. 8, 4 నంబర్ల గుండ్రటి కుంచెలు. రంగులు ఆరు: క్వినాక్రిడోన్ రోజ్ (పీవీ19), అల్ట్రామెరైన్ (పీబీ29), థాలో బ్లూ, ఒక నిమ్మపసుపు, పైరోల్ స్కార్లెట్, బర్న్ట్ సియెన్నా. ట్యూబు మీద పేరు కాదు, పీవీ19 లాంటి పిగ్మెంట్ కోడ్ చూసి కొనండి. ఒకే పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో పిగ్మెంట్ అమ్ముతుంది.

జనవరి, ఫిబ్రవరి: గులాబీ టబెబుయా. ఆకు రాలి పూలే మిగులుతాయి కనుక కొమ్మలు ముందు గీయకూడదు. పల్చటి రోజ్ వాష్‌తో (నీళ్లు ఎక్కువ కలిపిన రంగు పూతతో) పూగుత్తుల ఆకారం పరిచి, మధ్యమధ్య ఆకాశం కనిపించే ఖాళీలు వదలాలి. తడి ఉండగానే నీడవైపు చిక్కటి రోజ్, అందులో చిటికెడు అల్ట్రామెరైన్. కొమ్మలు పూర్తిగా ఆరాక, ఆ ఖాళీల్లో మాత్రమే, తెగిన గీతలుగా వెయ్యాలి.

ఫిబ్రవరి మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. వాష్ చూస్తూండగానే ఆరి గట్టి అంచులు కడుతుంది. కాగితాన్ని రెండువైపులా తడిపి, ఉదయం తొమ్మిదిలోపు నీడలో వేస్తే చాలావరకు దారికొస్తుంది. సగం ఆరిన చోట నీళ్ల కుంచె పెడితే ఆ నీరు రంగును పక్కకు తోసి క్యాలీఫ్లవర్ లాంటి మరక వేస్తుంది. అలాంటిది పడ్డాక గెలకొద్దు. ఆరనిచ్చి, దానిమీద ఒక గుత్తి వేసి కప్పెయ్యాలి.

ఈ చెట్టు చూడగానే చెయ్యి ఓపెరా పింక్ మీదికి పోతుంది. పోనివ్వకండి. దాని మెరుపంతా ఫ్లోరసెంట్ డైది, వెలుతురుకి వెలిసిపోతుంది. మామూలు ప్రింటర్ ఇంకులో ఆ మెరుపు లేనే లేదు కనుక ప్రింట్ కూడా చప్పగా వస్తుంది.

మార్చి: కానుగ, జకరండా. కానుగ పూత చిన్నది. చెట్టుకన్నా ఫుట్‌పాత్ మీద రాలిన తివాచీయే మంచి బొమ్మ. జకరండాకి అల్ట్రామెరైన్ రెండు పాళ్లు, రోజ్ ఒక పాలు. అల్ట్రామెరైన్ రేణువులు కాగితపు గుంటల్లో దిగి పొడిపొడిగా కనిపిస్తాయి. పూరేకులకి అది బాగుంటుంది, ఆకాశానికి మాత్రం థాలో వాడటమే మేలు. ఈ ఊదాను ఫోన్ తరచూ నీలంగా చూపిస్తుంది. ఎడిటింగ్‌లో టింట్‌ను మెజెంటావైపు కొద్దిగా జరపాలి. అసలు బొమ్మను పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో, స్క్రీన్ నైట్ మోడ్ ఆపేసి చూడాలి.

ఏప్రిల్, మే: తురాయి. ఎరుపు తడి మీద ఆకుపచ్చ తగిలితే బురద రంగే. ముందు ఎరుపు వేసి, సన్నటి తెల్ల సందు వదిలి, ఆరాకే ఆకులు. ఇక్కడ ఇబ్బంది టబెబుయాకి పూర్తిగా తిరగబడుతుంది. సాయంత్రం మామిడి జల్లు పడ్డాక గాలిలో తేమ ఎక్కి కాగితం ఎంతకీ ఆరదు.

ఫొటో: పొద్దున పది ప్రాంతంలో కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట. ఫ్లాష్ వద్దు. ఫోన్ కాగితానికి సమాంతరంగా, కాస్త దూరంగా పట్టుకుని 2ఎక్స్ జూమ్‌లో తీయండి. దగ్గరగా తీస్తే వైడ్ లెన్స్ అంచులను వంచుతుంది. తెల్లకాగితం ఎక్కువున్న బొమ్మను కెమెరా బూడిదగా తీస్తుంది కనుక ఎక్స్‌పోజర్ +0.3 నుంచి +0.7 దాకా పెంచాలి. తురాయికి మాత్రం -0.3. లేదంటే ఎరుపు ఒకే ముద్దయి పూరేకుల వివరం పోతుంది.

ప్రింట్‌కి స్కానే నయం, కానీ అది లేత గులాబీలను తినేసి కాగితపు గరుకును పెంచి చూపిస్తుంది. లేతరంగులను ఎడిటింగ్ యాప్‌లోని లెవెల్స్‌లో కొద్దిగా ముదురు చేయాలి. ఏ5 బొమ్మను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 1748×2480 పిక్సెళ్లు, అదే సైజు ప్రింట్‌కి సరిపోతుంది. 600లో చేస్తే ఏ3 దాకా పోవచ్చు. ఆన్‌లైన్‌కి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైల్‌లో, 1080×1350 సైజులో సేవ్ చేయండి. అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే చాలాచోట్ల రంగులు నీరసంగా కనిపిస్తాయి.

పోస్టుతో పాటు చెట్టు పేరు (తెలుగులో కానుగ, కన్నడలో హొంగె), వీధి, నెల, వాడిన రంగులు రాయాలి. ఎక్కువగా ప్రశ్నలొచ్చేది రంగుల మీదే. పూర్తయిన బొమ్మ పక్కన మొదటి వాష్ ఫొటో కూడా పెడితే నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. వీధి పేరు చాలు, ఇంటి నంబరు కనిపించే గేటు ఉంటే కోసెయ్యండి.

బొమ్మలు అమ్ముకునే చిత్రసంతె సాధారణంగా జనవరిలో, ఒక ఆదివారం, చిత్రకళా పరిషత్ ఉన్న కుమారకృప రోడ్డు మీద జరుగుతుంది. స్టాల్ ఆరుబయటే. విడి కాగితాలు గాలికి లేస్తాయి, కనుక ప్రతి ప్రింట్‌కీ వెనక గట్టి అట్ట, పైన పారదర్శక కవరు కావాలి. ఎండ పడే వైపు అసలు బొమ్మలు పెట్టకండి. 4×6 అంగుళాల పోస్ట్‌కార్డుకి 1200×1800 పిక్సెళ్లు, చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్‌కి అదనంగా వదలాలి. మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు అదే కాగితం మీద ఒక్కటి ప్రింట్ తీయించి జకరండా ఊదా చూడండి. చెడితే ముందు చెడేది అదే.

పుస్తకంలో ఇంకా మిగిలింది కాడమల్లె, వానలు వెనకబట్టాక. తెల్లపూలు కనుక మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా పూసి, తర్వాత ఊడదీసే ద్రవం) కావాలి. కుంచెకు ముందు సబ్బు పట్టించకపోతే వెంట్రుకలు అట్టకడతాయి, పూసి ఎండలో వదిలేస్తే ఊడదీసేటప్పుడు కాగితం పొరతో సహా లేస్తుంది. ఆఖరి పేజీ మూలన ఒక చుక్క వేసి చూసుకోవాలి.