అక్కకి చెప్పకు

అక్క డల్లాస్ వెళ్లి మూడు నెలలు కావస్తోంది, కూతురి పురుడు కోసం. వెళ్లేటప్పుడు 23 కిలోల పెట్టెలు రెండిట్లో వెల్లుల్లి కారం, శొంఠిపొడి, పాత నేత చీరలు కుక్కుకుని, చివరికి తన చెప్పుల జత తీసి నా చేతిలో పెట్టి వెళ్లింది, తూకం సరిపోవట్లేదని. మనవరాలు పుట్టింది, బాగుంది, జుట్టు ఒత్తుగా ఉంది. అది అందరికీ తెలిసిన వార్తే.

తెలియనివన్నీ నా దగ్గరున్నాయి. అదే నా బాధ.

ఇక్కడ పొద్దున 7.30 అంటే అక్కడ రాత్రి 9, పాపని పడుకోబెట్టి అక్క ఫోన్ చేస్తుంది. "ఏమే, ఏంటి కబుర్లు?" అంటుంది. నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి అమ్మ సైగ చేస్తుంది, షుగర్ సంగతి చెప్పకు అని. ఈ వేసవిలో నూజివీడు రసాలు డజన్లకొద్దీ లాగించి, పరగడుపున చూస్తే 190 వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, నేను నిద్రపోయాక వంటింట్లోకి వెళ్లి మామిడిపండు పిసుక్కు తింటుంటే ఏమనగలం. ఇంకోపక్క అక్క, "నా మోకాళ్లు వాచాయే, వీళ్ల మేడమెట్లు రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతున్నా, మీ బావకి మాత్రం చెప్పకు, వెంటనే టికెట్టు మార్పించేస్తారు" అంటుంది.

ఇక బావగారు. ఆయన విజయవాడలో, సత్యనారాయణపురం ఇంట్లో ఒక్కరే ఉన్నారు. వాళ్లింటి దగ్గర ఒకప్పుడు రైలు పట్టాలుండేవి, ఇప్పుడదే బీఆర్‌టీఎస్ రోడ్డు. ఆదివారాలు నేను గుంటూరులో నాన్‌స్టాప్ ఎక్కి, కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి దాటుకుని వెళ్లి ఆయన్ని చూసి వస్తుంటాను. అక్కకి ఆయన రోజూ "బీరకాయ పప్పు చేసుకున్నా, చారు పెట్టుకున్నా" అని చెబుతుంటారు. చారు పెట్టిన మాట నిజం, కర్రీ పాయింటు వాళ్లు పెట్టారు. చెత్తబుట్ట నిండా రబ్బరుబ్యాండు కట్టిన ఆ చిన్న కవర్లే. పోపులపెట్టె అక్క వెళ్లిన రోజు ఎక్కడుందో అక్కడే ఉంది, ఆవాలు కూడా అదే మట్టంలో.

అదీ దాచగలిగాను. దొరికిపోయింది తులసి దగ్గర.

రోహిణి కార్తెలో ఆయన తెనాలిలో ఏదో పెళ్లికని వెళ్లి నాలుగు రోజులు ఉండిపోయారు. వచ్చేసరికి తులసి కట్టె అయిపోయింది. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి వరండాలో నిలబడి కుండీవైపే చూస్తున్నారు. బ్యాంకులో మేనేజరుగా చేసిన మనిషి, స్కూలు పిల్లాడిలా, "అమ్మాయ్, మీ అక్కకి చెప్పకు" అన్నారు. నాకే జాలేసి, మొక్కల బండివాడు కడియం మొక్కలని అరుస్తూ పోతుంటే ఆపి, ఒక తులసి కొని అదే కుండీలో నాటాను. పాత కట్టె పీకడానికి చెయ్యి రాలేదు, పక్కనే ఉంచేశాను.

తర్వాతి వీడియో కాల్‌లో అక్క "తులసమ్మని చూపించండి" అంది. చూపించారు. రెండు క్షణాలు మాట లేదు. "అది నాది కాదు" అంది. "నాది కృష్ణ తులసి, నల్లగా ఉండాలి. ఇదేంటి పచ్చగా ఉంది?"

ఇద్దరం ఆకుల రంగు ఆలోచించలేదు! ఎండకి వెలిసిందని బావగారు ఏదో అనబోతే నాకు నవ్వాగలేదు, దాంతో మొత్తం బయటపడింది, కర్రీ పాయింటుతో సహా. తిడుతుందనుకున్నా. ఆవిడ అడిగింది ఒకటే, "పాత కట్టె పారేశారా?" లేదన్నాను. "ఉంచండి, దాని గింజలు రాలి ఉంటాయి, నీళ్లు పోస్తూ ఉండండి" అంది. బావగారి వంట గురించి ఒక్క ముక్క లేదు, అది ఇంకా భయంగా ఉంది.

మొన్న ఆదివారం చూస్తే కుండీ అంచున ఆవగింజంత మొలకలు మూడు లేచాయి. అందులో ఒకటి కాస్త నల్లగా ఉన్నట్టే ఉంది. ఫోటో తీసి అమ్మకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూసి, తోటకూరేమోనే అంది.

బావగారు మాత్రం అప్పుడే మొదలుపెట్టారు, అక్కకి చెప్పకు, వచ్చాక తనే చూస్తుంది అని.