ఇప్ప అని పెట్టుకున్నాను

నాకు ఇప్పటికే నాలుగు పేర్లున్నాయి. కాగితాల మీద పైడమ్మ, అంటే మా నాయనమ్మ పేరు. అత్తగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి మా అమ్మ నన్ను పుట్టిన దగ్గర్నుంచి 'గుంటా', అంటే 'పిల్లా', అనే పిలుస్తోంది, నాకు ముప్పై నాలుగేళ్లొచ్చినా అదే పిలుపు. బడిలో ఒడియా మాస్టారు హాజరు వేస్తూ 'పాయిడొమ్మా' అని సాగదీసేవారు. ఇక బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద రాసి చెవిలో చెప్పిన నక్షత్రం పేరు ఒకటుందట, అదేంటో ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. ఇన్ని చాలక ఇంకొకటి ఎందుకు అంటే, రెండేళ్లుగా నేను విక్కా గురించి, అంటే పడమటి దేశాల్లో పుట్టిన, ప్రకృతిని కొలిచే ఒక కొత్త మతం గురించి చదువుతూ, పున్నమికి డాబా మీద దీపం పెట్టుకుంటూ ఉన్నాను. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ దారిలో ఉన్నది నాకు తెలిసి నేనొక్కదాన్నే.

విక్కా లాంటి ప్రకృతి ఆరాధనల్ని పేగన్ దారి అంటారు, అందులోకి వచ్చినవాళ్లు చాలామంది కొత్త పేరు పెట్టుకుంటారు, తప్పనిసరేం కాదు. ఆధునిక విక్కాని జనంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ అలా పెట్టుకున్న పేరు 'స్కీరే', లాటిన్‌లో తెలుసుకోవడం అని అర్థం. 1949లో ఆయన ఆ పేరు పెట్టుకునే ఒక నవల వేశాడు, అప్పటికి ఇంగ్లండ్‌లో మంత్రవిద్య చట్టం ఇంకా అమల్లో ఉంది, 1951లో గానీ రద్దు కాలేదు. 1953లో ఆయన దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటె పేరు 'ఆమెత్'. కొందరికి రెండు పేర్లుంటాయి, బయటికి చెప్పుకునేది ఒకటి, తమ గుంపులో మాత్రమే పలికేది ఒకటి. చెవిలో చెప్పే పేరు మనకేం కొత్త కాదు గదా, నేను మాత్రం ఉన్నదాన్ని పోగొట్టుకుని మళ్లీ వెతుక్కుంటున్నాను.

మొదట అందరూ చెప్పే న్యూమరాలజీ పద్ధతి పట్టుకున్నాను. పుట్టినతేదీ అంకెలు కూడితే వచ్చే సంఖ్యా, పేరులో ఇంగ్లీషు అక్షరాలకిచ్చిన అంకెలు కూడితే వచ్చే సంఖ్యా కలవాలి. పెన్నూ కాగితం తీసుకుని ముందు ఉన్న పేరే కూడి చూశాను. ఆధార్‌లో పి తర్వాత వై ఉంది, కూడితే 28, అంటే 1. టెన్త్ సర్టిఫికెట్లో అక్కడ ఏ, ఐ ఉన్నాయి, కూడితే 31, అంటే 4. మనిషిని నేనే, పేరూ అదే, స్పెల్లింగ్ రాసిన గుమస్తాని బట్టి నా జాతకం మారిపోయింది! తెలుగులోనూ ఒడియాలోనూ రాసే పేరుకి ఇంగ్లీషు లెక్క ఏంటని ఆ కాగితం అక్కడే వదిలేశాను.

తర్వాత సవర గిరిజనుల పేరు పెట్టుకుంటే బాగుంటుందనిపించింది, కొండలు, అడవి, అన్నీ కలిసొస్తాయి గదా అని. నాతో పనిచేసే ఒక సవర అక్కని అడిగితే, "మా పేర్లు పోయినోళ్లవి, మా పిల్లలకి తిరిగొస్తాయి. నువ్వు తీసుకుంటే వాళ్లెటు పోతారు?" అంది. సిగ్గేసింది. మహేంద్రతనయ అని మా ఏటి పేరు కూడా అనుకున్నాను గానీ అంత పెద్ద పేరు పిలిస్తే నేను పలకను, నాకు నవ్వొస్తుంది. పేరన్నాక పిలవగానే తల తిరగాలి. చాలామంది పెట్టుకునే వెన్నెల, డేగ, తోడేలు కలిపిన పేర్లు నాకు అందుకే ఎక్కవు. వాళ్ల ఊళ్లో డేగ తిరుగుతుందేమో, మా పెరట్లో తిరిగేవి కాకులు.

ఇంకో మాట. పడమటి దేశాల్లో చాలామంది 'విచ్' అని ధైర్యంగా చెప్పుకుంటారు. నేను ఆ మాటకి తెలుగు చెప్పను. మా వైపు చిల్లంగి, అంటే చేతబడి, అన్న ఒక్క అనుమానం చాలు, ఒంటరి ముసలమ్మని కొట్టి ఊరు దాటించడానికి. ఒడిశాలో దీనికోసం 2013లో ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. అక్కడ పేరు దాచుకోవడం కొందరికి సరదా కావచ్చు, ఇక్కడ నాకు అది జాగ్రత్త.

చివరికి పేరు దొరికింది మా పిన్ని వాళ్ల ఊళ్లో. చైత్రంలో ఒకరోజు తెల్లారకముందే లేచి వాళ్లతో ఇప్పపూలు ఏరడానికి వెళ్లాను. చెట్టు కింద ఆకులన్నీ ముందురోజే ఊడ్చేసి ఉన్నాయి. పువ్వు రాలితే టప్‌మని చిన్న చప్పుడు, లేత పసుపు రంగు, పట్టుకుంటే ద్రాక్షపండులా మెత్తగా, వేళ్లకి జిగురంటుకుని మధ్యాహ్నం దాకా ఆ తియ్యటి వాసన వదల్లేదు. బుట్ట సగం నిండేసరికి మనసులో 'ఇప్ప' అని అనుకుని చూశాను. బాగానే ఉంది. అంకెలు కూడలేదు.

దీక్షకి ముందు ఏడాది మీద ఒకరోజు చదువుకోవాలని విక్కాలో ఒక లెక్క ఉంది, నాకు దీక్ష ఇచ్చేవాళ్లు లేరు గనక ఆ గడువు ఈ కొత్త పేరుకి పెట్టుకున్నాను. అప్పటికీ నచ్చితే ఉంచుకుంటాను. మొన్న నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంటుంటే అమ్మ చూసింది.

"ఇప్ప ఏటే గుంటా? సారా కొట్టు పెడతావేటి?"