రిపోర్టులో ఖాళీ గడి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని నేను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టడం, కాటా చీటీలు రాయడం నా పని. అందుకేనేమో, సువార్త పని మీద విదేశాలకి వెళ్లే మిషన్ ట్రిప్‌కి బయల్దేరేముందు మా చర్చి సంఘ పెద్దలు ఒక ఫారం చేతిలో పెడితే నాకేమీ వింతగా అనిపించలేదు. దేశం, తేదీలు, ప్రార్థన కూడికలు, ఖర్చు, చివరి గడిలో ‘రక్షించబడినవారి సంఖ్య’, అంటే మా వల్ల క్రీస్తుని నమ్మినవాళ్లు ఎంతమందని.

మా ఇంట్లో అంకెలకి భక్తి ఎక్కువ. అమ్మ వాళ్లది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి తాతయ్య ఎన్నిసార్లు చెప్పాడో! ఎక్కాల కంటే ముందు నాకు ఆ అంకె వచ్చు. అంతకుముందు వచ్చిన కరువులో ఆ బాప్తిస్మాల వెనకున్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి దొరికేలా చూశారనీ, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదనీ నేను పెద్దయ్యాక చదువుకున్నాను. తాతయ్య కథలో ఆ ముక్క ఉండేది కాదు.

ఏడుగురం వెళ్లాం. ఎనిమిది నెలలు, ఐదు దేశాలు. మే నెలలో యార్డుకి ఎలాగూ సెలవులు. మిగతా నెలల సంగతి అడిగితే మా షావుకారు, “కొత్త కాయ వచ్చేలోపు రా, చూద్దాం” అన్నారు. డబ్బు కూడబెట్టడమే అసలు టెన్షన్. అక్క చీటీ పాడి ఇచ్చింది. స్త్రీల సమాజం వాళ్లు రోజూ వంటకి ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆర్నెల్లు పోగుచేసి, అమ్మి, 14,600 రూపాయలు ఇచ్చారు. వాళ్లలో ఒకామెకి రేషన్ బియ్యమే ఆధారం. ఆ కవరు తీసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్టు తేలిగ్గానే అయింది. ఎల్లో ఫీవర్ టీకా దగ్గర తిరుగుడు తప్పలేదు. అది ప్రతి ఆస్పత్రిలోనూ వేయరు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంకి (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వెళ్లి వేయించుకున్నాం. టీకా వేసినట్టు ఒక పసుపు పుస్తకం ఇస్తారు, టీకా పడిన పది రోజులకి గానీ అది చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా ఉగాండా వైపు నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఒకటుంది. 100 డాలర్లు, 90 రోజులు. మొదట ఏ దేశంలో దిగుతామో ఆ దేశానికే అప్లై చేయాలి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి వీధుల్లో ప్రసంగాలు చేస్తామంటే కుదరదని మా టీం నడిపే విజయవాడ అన్న ముందే గట్టిగా చెప్పాడు. వింటూ తలూపాం గానీ, ఫారంలో చివరి గడి సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మొదట నేపాల్. అక్కడ ఆదివారం కాదు, శనివారం ఆరాధన, ఎందుకంటే వారం సెలవు శనివారమే. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని, మన పల్లె చర్చి గుళ్లలో లాగే. “జయ మసీహ్” అని పలకరించుకుంటారు. మతం మార్పించడం అక్కడ నేరం, ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కాబట్టి మేం చేసిందల్లా ఒక గుడి గోడకి ఇటుకలు మోయడం, పిల్లలకి లెక్కలు చెప్పడం. చివరి గడి ఖాళీ. ఇంకా నాలుగు దేశాలున్నాయి కదా అనుకున్నాను.

కెన్యాలో మాకు జ్వరాలు, బస్సు ప్రయాణాలు తప్ప పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. ఉగాండాలో మాత్రం సంఘంవాళ్లే మమ్మల్ని పిలిచి మాట్లాడించారు. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం అంటే, అనువదించే ఆయన అక్కడి భాష లుగాండాలో మూడు నిమిషాలు చెప్పేవాడు. జనం ఏడ్చారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఏం చెప్పావు బ్రదర్ అని తర్వాత అడిగితే, “నువ్వు చెప్పాల్సిందే చెప్పాను” అన్నాడు. ఆరోజు క్రీస్తుని నమ్ముతామని కొందరు చేతులెత్తారు. అవి ఎవరి లెక్కలో రాయాలి? పైగా అందులో సగం మంది పోయిన నెల ఇంకో టీం వచ్చినప్పుడూ ఎత్తారని పాస్టర్ గారి భార్య నవ్వుతూ చెప్పింది. పోషో అని మొక్కజొన్న పిండితో వండుతారు, తెల్లగా సంకటిలా ఉంటుంది. ఆమె వండి పెట్టింది, నేను మా గుంటూరు కారం తీసి చల్లుకున్నాను. రుచి చూసి ఆమె పెట్టిన కేక నాకింకా వినబడుతోంది.

రువాండాలో రాజధాని కిగాలీకి దక్షిణాన న్యామటా అనే ఊరుంది. అక్కడి కేథలిక్ గుడి ఇప్పుడు స్మారకం. 1994లో తుట్సీ తెగవాళ్ల మీద హత్యాకాండ మొదలయ్యాక, అంతకుముందు గొడవల్లో గుడే కాపాడిందని నమ్మి వేలమంది ఆ లోపలికి వచ్చి తలదాచుకున్నారు. దాదాపు అందర్నీ అక్కడే చంపేశారు. బల్లల మీద వాళ్ల బట్టలు కుప్పలుగా ఉన్నాయి. చిన్న గౌన్లు, స్వెటర్లు, మట్టిరంగుకి తిరిగిపోయిన చొక్కాలు. రేకు కప్పుకి పడిన చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతోంది. మాలో ఎవరూ ప్రార్థన చేద్దామని కూడా అనలేదు.

ఆ దేశంలో అత్యధికులు అప్పటికే బాప్తిస్మం పొందినవాళ్లు. చచ్చినవాళ్లూ, చంపినవాళ్లూ. మా ఫారం 1993లో ఆ దేశానికి నింపి ఉంటే చివరి గడిలో అంకె పట్టేది కాదు. గుమాస్తా బుద్ధి కదా, నాకు ముందు తట్టింది అదే. తట్టినందుకు సిగ్గేసింది కూడా.

తర్వాత ఫిలిప్పీన్స్. అక్కడ నేను ఎవరికీ ఏమీ చెప్పాలనుకోలేదు. మాకు ఇల్లు ఇచ్చిన పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా, తొమ్మిది రోజులూ, తెల్లవారకముందే జరిగే సింబాంగ్ గాబీ అనే కేథలిక్ పూజకి ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. బయటికొచ్చాక బిబింకా అని బియ్యప్పిండి రొట్టె, వేడివేడిగా కొనిపెట్టేది. ప్రొటెస్టెంటు లూథరన్ వాణ్ణి, గుణదల మేరీమాత తిరునాళ్లకి వెళ్లేవాళ్లని చూసి ఎన్నిసార్లు వేళాకోళం చేశానో! ఆమెకి తెలిస్తే ఆ బిబింకా పెట్టేది కాదేమో.

తిరిగొచ్చేసరికి యార్డుకి కొత్త కాయ వస్తోంది. ఆదివారం గుడిలో సాక్ష్యం, అంటే నా అనుభవం, చెప్పమన్నారు. ఇటుకలు, కారం, బిబింకా గురించి చెప్పాను. న్యామటా గురించి చెబుతుండగా గొంతు పట్టేసింది. బియ్యం కానుక ఇచ్చినామె మాత్రం ముందు వరసలో కూర్చుని తలూపుతూనే ఉంది. గుడి అయ్యాక పెద్దల మీటింగ్‌లో ఫారం ఇచ్చాను. ఖర్చు పైసాతో సహా సరిపోయింది, మిగిలిన 2,310 రూపాయలు బల్ల మీద పెట్టాను.

“చివరి గడి వదిలేశావేంట్రా అబ్బాయ్?” అన్నాడు కోశాధికారి.

“తెలియదండీ.”

“సుమారుగా ఏదో ఒక అంకె వెయ్యి. వందో రెండొందలో.”

“కాటా వేయకుండా చీటీ ఎలా రాయనండీ?”

ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన మొహం ముడుచుకున్నాడు. మన డబ్బుతో వీడు దేశాలు తిరిగొచ్చాడని ఆయన బయట అన్నట్టు తర్వాత తెలిసింది. ఆ మాట నిజం కాదని గట్టిగా చెప్పలేను. మా పాస్టర్ అయ్యగారు ఏమీ అనలేదు. ఫారం ముందుకి లాక్కుని కాసేపు చూశారు. గడి ఖాళీగా పంపితే పైవాళ్లు తిప్పి పంపుతారట. పెన్ను తీసి, అందులో సన్నని అక్షరాలతో ‘వివరాలు తరువాత తెలియజేయబడును’ అని రాసి సంతకం పెట్టారు.