గుండె ఆపరేషన్, నా అణసర రోజులు

"వాల్వు మార్చాలమ్మా, ఇంక ఆలస్యం చెయ్యొద్దు" అని డాక్టరు గారు అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చినవి మా ఇంట్లో గోడ మేకుకి వేలాడుతున్న సంచిలోని పదకొండు జాకెట్లు. 2022 ఏప్రిల్ నెలాఖరు, పెళ్ళిళ్ళ రోజులు. ఆ పదకొండు గుడ్డలూ పదకొండు ఇళ్ళవి. నాకేమైనా అయితే ఏ గుడ్డ ఎవరిదో మా ఆయనకి తెలీదు, మా అమ్మాయికీ తెలీదు. ఆస్పత్రి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. ప్రాణం గురించిన భయం రెండు రోజుల తర్వాత, రాత్రి పూట వచ్చింది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. పాతపట్నం మాకు కూతవేటు దూరం, అక్కడి నుంచి ఆంధ్రా. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ ఒడియా కలిపి. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే మెషీను పెట్టుకుని కుడుతున్నాను.

ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. నాకు పదేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది, తగ్గిన కొన్నాళ్ళకి మోకాళ్ళు వాచాయి, అవి తగ్గితే చీలమండలు వాచాయి. కీళ్ళ జ్వరం అన్నారు. ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించాలన్నారు. అప్పుడు నౌపడా నుంచి మా ఊరి మీదుగా గుణుపూర్ వెళ్ళే చిన్న లైను బండి ఉండేది. అమ్మ నన్ను ఆ బండిలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళేది. ఆ ఇంజెక్షన్ నొప్పికి రెండు రోజులు కుంటేదాన్ని. పెళ్ళయ్యాక మానేశాను. మానకూడదని, ఆ జ్వరం కీళ్ళని వదిలినా గుండె వాల్వుని లోపల్లోపల తినేస్తుందని ఎవరైనా ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే మానేదాన్ని కాదు. ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఆ ఇంజెక్షన్లు వేయించుకుంటున్న పిల్లలుంటే దయచేసి డాక్టరు ఆపమనేదాకా ఆపకండి.

నలభై దాటాక మేడ మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరందక లేచి కూర్చోవడం, పొడి దగ్గు. రెండేళ్ళు ఒక చోట ఉబ్బసం మందులే ఇచ్చారు. చివరికి విశాఖపట్నంలో ఎకో, అంటే గుండె స్కాన్ తీస్తే అసలు సంగతి బయటపడింది. ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి, నాది 0.9 అట. కంప్యూటర్లో చూపించారు. బొత్తాం కాజాకి దారం ఎక్కువ వేసి బిగించేస్తే ఎలా మూసుకుపోతుందో అచ్చం అలా ఉంది. సున్నం పేరుకుంది, పైగా లీకు కూడా ఉంది కాబట్టి బెలూన్‌తో తెరవడం కుదరదన్నారు.

నా వయసు అప్పుడు నలభై నాలుగు. జంతువు కణజాలంతో చేసిన వాల్వు అయితే పది, పదిహేనేళ్ళకి పాడవ్వొచ్చు, మళ్ళీ కొయ్యాలి. లోహం వాల్వు అయితే చాలా కాలం ఉంటుంది, కానీ రక్తం పలచబడే మాత్ర బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. నిర్ణయం మీదే అన్నారు. రెండోసారి ఎముక కోయించుకునే ధైర్యం నాకు లేదని నాకు తెలుసు, లోహందే అన్నాను. డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. మేము ఒడిశా వాళ్ళం కాబట్టి ఆరోగ్యశ్రీ రాలేదు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన బిజు స్వాస్థ్య కార్డు మీద అప్పట్లో ఆడవాళ్ళకి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉండేది, దాన్ని తీసుకునే ఆస్పత్రి వెతకడానికి మా ఆయన పనులు మానుకుని తిరిగారు.

ఆపరేషన్‌కి నెల రోజుల టైముంది. నేను రాయాలనుకున్నది అసలు ఆ నెల గురించే.

ఎవరొచ్చినా "ధైర్యంగా ఉండు" అనేవారు. మా అప్ప శ్రీకాకుళం నుంచి రోజూ ఫోన్ చేసి "ఓలమ్మీ, నువ్వే ఇలాగైపోతే పిల్ల ఏటైపోద్ది" అనేది. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా గొంతులో ఉన్న మాట లోపలికే పోయేది. నా భయం చావు గురించి ఎంతుందో, దానికంటే ఎక్కువగా ఇంకొకటి ఉంది. గుండెని ఆపేస్తారని, ఆ గంటలు ఒక మెషీను నా రక్తాన్ని తిప్పుతుందని డాక్టరు చెప్పారు. గుండె ఆగినప్పుడు నేనెక్కడ ఉంటాను? ఈ ప్రశ్న ఎవరిని అడగాలి? మా ఆయన్ని అడిగితే ఆయన మొహం తిప్పుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయన భయం ఆయనది.

చివరికి పక్కింటి మావుసితో అన్నాను. ఆవిడ ఒడియా మనిషి, డెబ్బై దాటిన ముసలమ్మ. వేసిన కుట్లు విప్పుకుంటూ మామూలుగా మాట్లాడుతున్నదాన్ని ఉన్నట్టుండి ఏడ్చేశాను. ఆవిడ ఊరుకోమనలేదు. "కాందొ మా, కాందొ" అంటూ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడువు తల్లీ ఏడువు అని. చాలాసేపు అయ్యాక, గుండె ఆగినప్పుడు ఎక్కడుంటావో నాకు తెలీదు కానీ నేను మాత్రం ఆ పొద్దంతా మీ గుమ్మంలోనే కూర్చుంటాను అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

తర్వాత నుంచి పని మీద పడ్డాను. రోజుకి గంట చొప్పున, ఆయాసం వస్తే ఆగుతూ, పదకొండు జాకెట్లూ కుట్టేశాను. కొలతల పుస్తకంలో చివరి పేజీల్లో ఎవరు ఎంత బాకీ, ఎవరి లైనింగ్ గుడ్డ మిగిలి ఉంది, చీటీ ఎన్నో తారీఖు కట్టాలి, అమ్మాయి పుస్తెల గొలుసు కోసం దాచింది ఎక్కడుంది, అన్నీ రాశాను. రాస్తుంటే చెయ్యి వణికింది, రాశాక తేలికపడింది. పన్ను నొప్పి ఉంటే ముందే చూపించుకోమన్నారు, పన్ను నుంచి కొత్త వాల్వుకి ఇన్‌ఫెక్షన్ వెళ్తుందట, ఒకటి పీకించుకున్నాను.

ఇంకో మేలు చేసింది రాయగడ వైపు నుంచి చెకప్‌కి వచ్చిన ఒకామె. పరీక్షల కోసం వెళ్ళినప్పుడు వరండాలో పక్కన కూర్చుంది, రెండేళ్ళ క్రితం ఇదే ఆపరేషన్ అయిందట. ధైర్యం చెప్పలేదు, జరిగేది చెప్పింది. "మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటాది, మాట రాదు, చేతులు కట్టేసి ఉంటాయి. అప్పుడు పెనుగులాడకు. మెషీను ఊపిరి ఇస్తాది, దాంతోపాటే తీసుకో. కడుపు పైన రెండు గొట్టాలుంటాయి, అవి తీసేటప్పుడు ఒక్క నిమిషం మంట. దగ్గు వస్తే దిండు గుండెకి హత్తుకుని దగ్గు." అంతే. జరగబోయేది ముందే తెలియడం ఎంత పెద్ద సాయమో ఎలా చెప్పాలో నాకు తెలీడం లేదు.

జూన్ 3న ఆపరేషన్. ముందు రాత్రి మందు సబ్బుతో స్నానం చేయించి, ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. గాజులు, మట్టెలు, చివరికి పుస్తెలతాడు. అది తీసి మా ఆయన చేతిలో పెట్టేటప్పుడు ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేకపోయాం. ఆయన దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పిన్నీసు పెట్టుకున్నారు. పొద్దున్న స్ట్రెచర్ మీద వెళ్తూ అడిగాను, "ఉందా?" అని. జేబు మీద చెయ్యి వేసి చూపించారు.

మెలకువ వచ్చేసరికి ఆమె చెప్పినట్టే నోట్లో గొట్టం. ఒక్క క్షణం ఊపిరాడనట్టు అనిపించింది, పెనుగులాడబోయాను, వెంటనే ఆమె గొంతు గుర్తొచ్చింది. మెషీనుతోపాటు తీసుకున్నాను. గుండె ఆగినప్పుడు నేనెక్కడున్నానో నాకేమీ తెలీదు. కల కూడా రాలేదు.

ఐసీయూ సంగతి పెద్దగా గుర్తులేదు, దాహం గుర్తుంది, దూదితో పెదాలు తడిపిన నర్సమ్మ చెయ్యి గుర్తుంది. వార్డుకి వచ్చాక మూడు బంతుల గొట్టం ఇచ్చారు, గాలి లోపలికి పీల్చితే బంతులు లేవాలి. మొదటి రోజు ఒక్కటే కదిలింది. రొమ్ము ఎముకని నిలువునా కోసి స్టీలు తీగలతో కట్టారట. ఏ కుట్టు వేశారని డాక్టరుని అడిగాను, ఆయన ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించారు.

రెండో రాత్రి వార్డులో దీపాలు తీశాక ఒక చప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్. నోరు తెరిస్తే ఇంకొంచెం పెద్దగా. మెషీను చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే సూది దిగే చప్పుడులా ఉంది. అది నాలోంచే వస్తోందని తెలిసి భయపడ్డాను, తర్వాత అది ఆగుతుందేమోనని భయపడి నిద్రపోకుండా విన్నాను.

13న ఇంటికి వచ్చాను. మర్నాడు స్నాన పూర్ణిమ. ఆ రోజు జగన్నాథుడికి 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు, దాంతో స్వామికి జ్వరం వస్తుంది, పదిహేను రోజులు ఎవరికీ కనిపించకుండా లోపల పడుకుంటాడు. దాన్నే అణసర అంటారు. మందులిస్తారు, సేవ చేస్తారు, దర్శనం ఉండదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ ఆ ఏడు అది నా గురించే అన్నట్టు అనిపించింది.

ఎందుకంటే ఇంటికొచ్చాక నాకు ఏడుపు మొదలైంది. ఆపరేషన్ బాగా అయింది, ఆయాసం పోయింది, వెల్లకిలా పడుకోగలుగుతున్నాను, అయినా ఏడుపు. అన్నం కంచం చూస్తే ఏడుపు, అమ్మాయి జడ వేసుకుంటుంటే ఏడుపు. నోటికి రుచి లేదు, చోడి అంబలి తప్ప ఏదీ దిగేది కాదు. "అంత గండం గడిచింది కదా, ఇప్పుడెందుకు ఏడుస్తావు" అని వచ్చినవాళ్ళు అనేవారు, అప్పుడు సిగ్గుతో ఇంకా కుంగిపోయేదాన్ని. మావుసి మాత్రం "ఠాకురుకే జ్వరం వచ్చి చీకట్లో పడుకున్నాడు, ఆయన్ని ఎవరైనా లే, నవ్వు అంటున్నారా" అంది. చెకప్‌లో డాక్టరుకి దాచకుండా చెప్పాను. గుండె ఆపరేషన్ అయిన చాలామందికి ఇలా ఉంటుందని, వారాల్లో తగ్గుతుందని, తగ్గకపోతే దానికీ వైద్యం ఉందని చెప్పారు. ఇంటికి పంపేటప్పుడే ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ మూడు వారాలు నాలో ఏదో లోపం ఉందనుకుని ఉండేదాన్ని కాదు.

జూలై 1న రథయాత్ర. నేను మూడు కిలోలకి మించి బరువెత్తకూడదు, తాడు లాగడం మాట అలా ఉంచండి. మా ఆయన భుజం పట్టుకుని వీధి చివరి దాకా నడిచాను, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. రథం కనిపించినప్పుడు వచ్చిన ఏడుపు వేరే రకం.

ఆ తర్వాత రోజులు మాత్రల లెక్క. రక్తం పలచబడే మాత్ర సాయంత్రం ఒకే టైముకి వెయ్యాలి, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. మొదట 1.6 వచ్చింది, మాత్ర పెంచితే 4.2కి వెళ్ళింది, పళ్ళు తోముకుంటే రక్తం. నెలసరి కూడా చాలా ఎక్కువగా అయ్యేది, సిగ్గుపడి దాచకుండా చెప్పాలి, నేను నెల దాచి నీరసపడ్డాను. ఆకుకూరలు పూర్తిగా మానెయ్యాలని అందరూ భయపెట్టారు. డాక్టరు చెప్పింది మానమని కాదు, వారానికి ఎంత తింటే ప్రతి వారం అంతే తినమని. తోటకూర మంగళవారం, మునగాకు శుక్రవారం. పెన్సిలిన్ ఇంజెక్షన్ మళ్ళీ మొదలైంది. ఈసారి మానలేదు.

మెషీను దగ్గర కూర్చోవడానికి మూడు నెలలు పట్టింది. కాళ్ళతో తొక్కడం కష్టం కాలేదు, గుడ్డ లాగి పట్టుకోవడానికే ఛాతీ ఒప్పుకోలేదు. ముందుగా నా జాకెట్టే కత్తిరించాను. గొంతు కింద నుంచి మచ్చ నిలువునా ఉంది, మెడ పైకి పెట్టి కుట్టుకోమని అప్ప చెప్పింది, నేనూ అలాగే సుద్ద గీత గీశాను. అమ్మాయి పక్కన కూర్చుని కొలతల పుస్తకం తిరగేస్తోంది, చివరి పేజీల దాకా వెళ్ళింది, నేను రాసినవన్నీ చదివింది. ఏమీ అనలేదు. లేచి వచ్చి నా వీపుకి చెవి ఆనించి చాలాసేపు నిలబడింది.

సుద్ద గీత చెరిపేసి పాత కొలతకే కత్తిరించాను.