ఈరోజు రెండు అబద్ధాలు

పదకొండు దాటింది. అత్త పడుకుంది, ఈయన టీవీ కట్టేశారు. నాకు నిద్ర రావడం లేదు. మెడ, నడుము నొప్పి వల్ల కాదు. నొప్పి నిజంగానే తగ్గింది. పొద్దున స్కూటీ వెనక్కి తీసేటప్పుడు మెడ రెండు పక్కలకూ తిరిగింది, నాలుగు నెలల్లో మొదటిసారి. ఆ సంతోషమే రాద్దామనుకున్నా. సాయంత్రానికి వేరేది వచ్చి అడ్డం కూర్చుంది.

"ఇంట్లో చేస్తున్నారా మేడం?" అని అడిగింది ఫిజియోథెరపీ డాక్టరమ్మ. "చేస్తున్నా" అన్నాను. చేయలేదు. గోడకు వీపు ఆనించి గడ్డం లోపలికి లాగేది పదిసార్లు, బోర్లా పడుకుని మోచేతుల మీద లేచేది పదిసార్లు. మొత్తం పది నిమిషాల పని. మూడు రోజులుగా ఒక్కసారి కూడా చేయలేదు. ఆ పిల్ల నా మాట నమ్మి కాగితంలో టిక్కు పెట్టుకుంది. మధ్యాహ్నం ఆఫీసులో ఇంకో అబద్ధం చెప్పాను, దాని దగ్గరికి వస్తా.

ముందు ఆ మొదటి క్లినిక్ మీద కోపం ఇంకా పోలేదు, అది రాయనీండి. పది రోజులు తిరిగాను. నడుముకు పట్టా కట్టి లాగేది, మెడకు కరెంటు పెట్టేది, జెల్లు పూసి మిషను తిప్పేది. ఇరవై నిమిషాలకు గంట మోగితే ఒకబ్బాయి వచ్చి వైర్లు పీకేవాడు, పక్క మంచం దగ్గరికి పోయేవాడు. ఆ పది రోజుల్లో ఒక్కరు కూడా నన్ను వంగి చూపించమనలేదు. కాలు ఎత్తి చూడలేదు. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటావు, కంప్యూటరు ఏ ఎత్తులో ఉంటుంది అని అడగలేదు. రెండో రోజే బెల్టు అంటగట్టారు. ఆ బెల్టు నడుముకు ఏం చేసిందో గానీ మనసుకు మాత్రం చెరుపు చేసింది. అది లేకుండా బిందె ముట్టాలంటే భయం, కుర్చీలోంచి లేవాలంటే భయం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మూడు నెలలు దాటిన నడుము నొప్పికి బెల్టులు, ఈ లాగే వైద్యం మామూలుగా వాడొద్దని చెప్పిందంట. వ్యాయామం చేయించమని, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పమని అందంట. నాకు చెప్పినవాళ్ళు ఎవరు? డబ్బు పోతే పోయింది, ఆ భయం పోవడానికి నెల పట్టింది.

ఈ డాక్టరమ్మ మొదటి రోజు మిషను జోలికే పోలేదు. ముప్పావు గంట ప్రశ్నలే. మూత్రం ఆపుకోవడంలో తేడా వచ్చిందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, పాదం ఎత్తలేకపోతున్నారా అని. ఏదీ లేదంటే, "అయితే భయపడాల్సింది లేదు. ఉంటే మాత్రం ఆ పూటే పెద్దాసుపత్రికి పొమ్మనేదాన్ని" అంది. స్కానింగులో డిస్కు ఉబ్బిందని రాశారు కదా అంటే, ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసినా చాలామందిలో అట్లాగే కనబడుతుందని, జుట్టు నెరిసినట్టు అదీ వయసుతో వచ్చేదని చెప్పింది. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగింది. వాళ్ళది ధర్మవరం. వాళ్ళ నాయన గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసి నేసి నడుము పట్టేసి, చివరికి మగ్గం దిగడానికి మనిషి సాయం కావాల్సి వచ్చిందంట. ఇంట్లో చేశారా అని ఆ పిల్ల అంత గట్టిగా ఎందుకు అడుగుతుందో నాకు తెలుసు. తెలిసీ చెప్పాను.

బోర్లా పడుకోబెట్టిన రోజు ఒక సంగతి చెప్పింది. 1956లో న్యూజిలాండులో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి ఉన్నాడంట. మూడు వారాలైనా కాలి నొప్పి తగ్గలేదు. ఒకరోజు లోపలికి పోయి బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు వచ్చినవాళ్ళ కోసం మంచం తలవైపు ఎత్తి ఉంది, ఎవరూ దించలేదు. ఆయన అట్లాగే, నడుము వెనక్కి విరిగినట్టు పడుకున్నాడు. కాసేపటికి మెకెంజీ వచ్చి చూసి కంగారుపడితే, కాలిలో నొప్పి పోయిందని రోగి చెప్పాడు. నొప్పి కాలిలోంచి పైకి జరిగి నడుములోకి వస్తే మంచి గుర్తు, నడుములో కాస్త ఎక్కువైనట్టున్నా భయపడొద్దు అంది. వెనక్కి వంగడం అందరికీ సరిపడదు, కొందరికి ముందుకు వంగితేనే హాయి, అందుకే ముందు చూసి చెప్పాలి అని కూడా అంది.

ఆ రెక్సిన్ మంచం మీద ముఖం కిందికి పెట్టుకుని ఉంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

ఊళ్ళో వానకు ముందు విత్తనం బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వొలిచే రోజులు. మిషనులో వేస్తే గింజ పైపొర లేచిపోతుందని, పగిలితే మొలవదని, చేత్తోనే వొలిచేవాళ్ళు. నడవలో బుడ్డల కుప్ప, చుట్టూ ఆడవాళ్ళు, చిటచిట చిటచిట శబ్దం, పొట్టు వాసన. పొద్దున సంగటి తిని కూర్చుంటే చీకటిపడేదాకా అవ్వ తల ఎత్తేది కాదు. వాన పడితే కలుపు, తర్వాత చెట్టు పీకేది. అన్నీ వంగే పనులే. రాత్రి అన్నాలయ్యాక తాడిపత్రి బండల మీద బోర్లా పడుకుని పిలిచేది. "వీపు తొక్కుపో పాపా."

నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఎక్కేదాన్ని. అవ్వ వీపు గట్టిగా, వెచ్చగా, రవిక కింద వెన్నుపూసలు అరికాలికి ఒక్కొక్కటే తగిలేవి. "ఇంగా కిందికి. ఇంగ రోంత. ఆ, ఆడే. ఆడే నిలబడు." మడమ అక్కడ పెట్టి నిలబడితే అవ్వ గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది. అది హాయని అనుకునేదాన్ని. దిగాక గుప్పెడు వేయించిన బుడ్డలు ఒళ్ళో పోసేది. (డాక్టరమ్మకు చెబితే, ముసలివాళ్ళ ఎముకలు గుల్లబారి ఉంటాయి, ఎవరినీ తొక్కనీయొద్దు అంది. నిజమే. అప్పుడు మాకెవరికి తెలుసు.) నాకు పదేళ్ళు వచ్చేసరికి, "నువ్వు బరువైనావు పాపా, తమ్మున్ని పంపు" అనేసింది. ఆ రాత్రి నేను ఏడ్చాను.

రెండో అబద్ధం ఇదీ. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుతుంటే పెద్దమేడం అన్నారు: "మా అమ్మవాళ్ళు అంత చాకిరీ చేసినా నడుము నొప్పి అనే మాటే ఎరగరు. మీకు ముప్పయ్యేళ్ళకే ఫిజియోథెరపీ." నేను తల ఊపాను. ఊపి ఊరుకోక, "మా అవ్వ కూడా అంతే మేడం, ఎంత గట్టి మనిషో" అన్నాను. నా అరికాలికి తెలిసిన సంగతి నా నోరు కాదంది. ఎప్పుడూ ఇంతే, అందరం ఇదే మాట అంటాం. వాళ్ళకు నొప్పి లేదా? ఉంది. నడుము అని పేరు పెట్టి ఎవరూ అడగలేదు, అంతే.

ఆ మొదటి క్లినిక్‌ను అంత తిట్టాను గానీ, ఇప్పుడు రాస్తుంటే ఇంకోలా అనిపిస్తోంది. ఆ ఇరవై నిమిషాలు నన్ను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పడుకుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసేవాళ్ళు. పది రోజులు నేను పోయింది దానికోసమేనేమో. ఇంట్లో చాప పరిచి పడుకుంటే అత్త మందులు అడుగుతుంది, పాప జడ అంటుంది, కుక్కరు కూత వేస్తుంది. అవ్వ కూడా ఒంటరిగా పడుకునేది కాదు కదా, మమ్మల్ని పిలిచేది. అయినా ఆ బెల్టు సంగతి మాత్రం నేను మరిచిపోలేను.

అన్నాలయ్యాక అమ్మకు ఫోన్ చేశాను. అవ్వకు నడుము నొప్పి ఉండేదా అంటే, "నాతో ఎప్పుడూ అనలేదే" అంది. మరి వీపు తొక్కించుకునేది కదా అంటే, "అది పిల్లోల్లతో సరదాకి అనుకుంటి" అంది. తమ్ముడు ఆరో తరగతికి హాస్టలుకు పోయాడు. ఆ తర్వాత అవ్వ పన్నెండేళ్ళు బతికింది. ఎవరు తొక్కేవాళ్ళని అడిగాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఎవురూ లేదు పాపా. రాత్రిపూట పొయ్యి పక్కన గోడ వెచ్చగా ఉంటాది కదా, దానికి వీపు ఆనించి కూర్చునేది. నిద్ర పట్టలేదేమో అనుకునేదాన్ని."

ఇప్పుడే గోడకు నిలబడి పదిసార్లు చేసి వచ్చాను. గోడ చల్లగా ఉంది. రేపు ఆరు గంటలకు క్లినిక్ ఉంది. ఆ టిక్కు కొట్టేయమని చెప్పాలి.