హంద్రీ బ్రిడ్జి మీద ఆరిన జ్యోతి

మన బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1983 జనవరిలో స్పోర్ట్స్ డేకి మన డ్రిల్ సారు కొండారెడ్డి బురుజు దగ్గర నుంచి స్కూల్ గ్రౌండు దాకా జ్యోతి పరుగు పెట్టించారు. అప్పటికి ఢిల్లీలో ఏషియాడ్ (ఆసియా క్రీడలు) అయి రెండు నెలలు కూడా కాలేదు. పేపర్లో వచ్చిన, ఆ పోటీల గుర్తయిన అప్పు ఏనుగు బొమ్మల్ని కత్తిరించి నోటుబుక్కు అట్టలకు అంటించుకుంటున్న రోజులు, పి.టి. ఉష రెండు వెండి పతకాలు తెచ్చిందని ఆడపిల్లలంతా ఇంటర్వెల్లో గ్రౌండు చుట్టూ ఉరుకుతున్న రోజులు. ఆ ఊపులో సారుకు వచ్చిన ఆలోచన ఇది.

సారు ఏదైనా పెట్టుకుంటే సగంలో వదిలే రకం కాదు కదా. గ్రీసులో ఒలింపియా అనే చోట సూర్యుడి ఎండను అద్దంతో పట్టి జ్యోతి వెలిగిస్తారని చెప్పి, ముందురోజు మధ్యాహ్నం సైన్స్ ల్యాబు నుంచి భూతద్దం తెప్పించి, గ్రౌండు మధ్యలో దూదిని అంటించారు. కర్నూలు ఎండ గురించి చెప్పేదేముంది, జనవరి అయినా రెండు నిమిషాల్లో పొగ వచ్చింది, ఇంకాసేపటికి మంట. ఆ మంటను లాంతర్లోకి ఎక్కించి, రాత్రంతా స్టాఫ్ రూములో పెట్టి, ఆరిపోకుండా వాచ్‌మన్ చేత కాపలా కాయించారు. పొద్దున బురుజు దగ్గర ఆ లాంతరు నుంచే కాగడా ముట్టించారు. కాగడా అంటే వెదురు కట్టె చివర డాల్డా డబ్బా, అందులో కిరసనాయిల్లో ముంచిన గోనెపట్టా పీలికలు. లాంతరు మాత్రం సారు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని వెనకే వస్తారు. ఎందుకో అప్పుడు నేను అడగలేదు.

జ్యోతి మోసేవాళ్లలో నేను మూడోవాణ్ణి, హంద్రీ బ్రిడ్జి దాటించాలి. దానికోసం వారం ముందు నుంచి పొద్దున్నే లేచి ఒక కట్టె పట్టుకుని ప్రాక్టీసు చేశాను, మా అమ్మ చూసి వీడికేమైనా పట్టిందా అనుకుంది. బ్రిడ్జి మధ్యకు వచ్చేసరికి ఏటి మీద నుంచి ఒక్క గాలి కొట్టింది చూడండి, మంట ఒక పక్కకు వంగి, రెండుసార్లు కొట్టుకుని, ఆరిపోయింది. వెనక్కి చూస్తే సారు సైకిల్ కనబడలేదు. ముందు బ్రిడ్జి అవతల బి సెక్షన్ వాడు చేయి చాపి నిలబడి ఉన్నాడు (వాడు ఇది చదువుతాడు, చదివి తిడతాడు). నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. అక్కడే బండి మీద జామకాయలు అమ్ముతూ బీడీ తాగుతున్న పెద్దాయన అగ్గిపెట్టె తీసి ఇచ్చాడు. "తీస్కో బేటా, ఎవరు చూస్తార్లే" అన్నాడు. మూడో పుల్లకు అంటుకుంది. పరిగెత్తి బి సెక్షన్ వాడికి ఇచ్చేశాను.

గ్రౌండులో మైకులో ఏం చెప్పారో తెలుసా? "సూర్యభగవానుడి నుంచి తెచ్చిన పవిత్ర జ్యోతి, వేల ఏళ్ల నాటి సంప్రదాయం" అని. చప్పట్లు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అది సూర్యుడిది కాదు, జామకాయల తాతది.

తర్వాత పెద్దయ్యాక తెలిసింది, వేల ఏళ్లనేది కూడా అబద్ధమే. పాత గ్రీకుల ఒలింపిక్స్‌లో ఇలాంటి పరుగు లేనే లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జ్యోతి వెలిగించారు గానీ పరిగెత్తి తెచ్చింది మాత్రం 1936లో, బెర్లిన్‌కు. కార్ల్ డీమ్ అనే ఆయన ఆలోచన, హిట్లర్ ప్రభుత్వానికి బాగా పనికొచ్చిన ఆర్భాటం, మూడు వేల మందికి పైగా ఒకరి తర్వాత ఒకరు మోసి తెచ్చారు. సారుకు ఈ సంగతి తెలిసి ఉంటే ఏమనేవారో.

నాకు నిజంగా ఊరట ఇచ్చింది మాంట్రియల్ కథ. 1976లో అక్కడ ఒలింపిక్స్ స్టేడియంలో వానకు జ్యోతి ఆరిపోతే ఒక ఉద్యోగి సిగరెట్ లైటర్‌తో మళ్లీ అంటించేశాడంట. పెద్దవాళ్లకు తెలిసి, దాన్ని ఆర్పేసి, ఒలింపియా నుంచి తెచ్చి వేరుగా కాపాడుకుంటున్న మంటతో మళ్లీ వెలిగించారు. 2013లో సోచీ వింటర్ ఒలింపిక్స్ జ్యోతి పరుగులో మంట మాస్కోలో క్రెమ్లిన్ దగ్గర ఆరిపోతే అక్కడి సెక్యూరిటీ మనిషి కూడా లైటరే తీశాడు. అంటే ప్రపంచమంతా జామకాయల తాతలే. అందుకే ఒలింపిక్స్ వాళ్లు గని కార్మికుల దీపాల్లాంటి లాంతర్లలో అసలు మంటను వెనకే తెస్తారు. 2024లో మబ్బు పట్టి ఒలింపియాలో ఎండ రాకపోతే, ముందు రిహార్సల్లో వెలిగించి దాచిన మంటే వాడారు. మన సారు స్టాఫ్ రూములో చేసింది ఇదే కదా! కామన్వెల్త్ వాళ్లు తెలివైనవాళ్లు, వాళ్లది బ్యాటన్, అంటే చేతికర్ర లాంటిది, మంట లేదు. 2010లో ఢిల్లీ పోటీల కోసం అది వాఘా దాటి మన దేశంలోకి వచ్చింది, గాలికి ఆరిపోతుందన్న బాధే లేదు.

పొడుగు విషయంలో మనమేం తక్కువ కాదు. 2008 ఏప్రిల్‌లో బీజింగ్ జ్యోతి ఢిల్లీకి వస్తే భద్రత గొడవలతో పరుగును దాదాపు రెండు కిలోమీటర్ల చిల్లరకు కుదించారు. మన బురుజు నుంచి గ్రౌండుకు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

సారు రిటైరయ్యాక చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కనబడితే ధైర్యం చేసి చెప్పేశాను. ఆయన అన్నం కలుపుకుంటూనే నవ్వారు. "నాకు తెలుసు లేరా. బ్రిడ్జి మొదట్లో సైకిల్ చైన్ ఊడిపోయింది. అది ఎక్కిస్తా కూర్చుని చూసినా, నువ్వు అగ్గిపుల్ల గీస్తా ఉంటే. లాంతరు నా చేతిలోనే వెలుగుతా ఉంది. అరిసినా, నీకు వినబడలా."

మరి గ్రౌండులో ఎందుకు చెప్పలేదు సార్ అంటే, "మైకులో సూర్యభగవానుడని చెప్పేసినారు కదరా" అన్నారు.

ఈసారి కలిసినప్పుడు మళ్లీ బురుజు నుంచి జ్యోతి పరుగు పెడదామని గ్రూపులో అనుకుంటున్నారు. నేను వస్తాను, కాగడా మాత్రం నాకు వద్దు, ఎవరైనా పట్టుకోండి. నాకు లాంతరు ఇవ్వండి, వెనక సైకిల్ మీద వస్తాను. చైన్ ముందే చూపించుకుంటాను.