ఆఫర్ ఎప్పటిదాకా?
అమ్మకు మిక్సీ కొందామని ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో చూస్తే ‘ఈ రోజే ఆఖరు’ అని ఉంది. ఎన్ని గంటలకో ఎక్కడా లేదు. డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదింటికి చూస్తే ఆఫర్ లేదు, పాత ధరే. తెల్లారేసరికి మళ్లీ అదే ఆఫర్, మళ్లీ ‘ఈ రోజే ఆఖరు’! చాలా కోపం వచ్చింది.

మా విజయవాడ బీసెంట్ రోడ్డులో ఆషాఢం సేల్ ఏ తారీఖు దాకా అని అడిగితే కొట్టాయన వెంటనే చెప్తాడు. వీళ్లు మాత్రం చెప్పరు. లేని తొందర పుట్టించి అమ్మడం తప్పని 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లోనే ఉంది. ముగిసే తేదీ, టైము రాయడానికి ఒక్క లైను చాలు. జీతం చూసుకుని కొనే ఇళ్లకు ఆ లైనే ముఖ్యం.

స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. మీకూ ఇలా జరిగి ఉంటే మీరూ చేయండి.